లోపలావిడ వేసిన సాయంత్రాలు

స్టూడియోకి వచ్చేవాళ్ళు ఆమెను లోపలావిడ అనేవారు. ముందుగదిలో బల్ల వెనక ఆమె భర్త కూర్చునేవాడు. బల్ల పక్కన వాలుకుర్చీలో అత్తగారు. ఆ వెనక ఫొటోలు తీసే గది, దాని వెనక కిటికీ లేని ఇంకో చిన్న గది. ఆ చిన్న గది ఆమెది. ఎవరైనా మొహం తడుముకుంటూ, ఈ మచ్చ పడకుండా ఉంటే బావుణ్ణండీ అంటే, లోపలావిడ చూసుకుంటుంది లెండి అని భర్త ధైర్యం చెప్పేవాడు. ఆమెకు పేరు లేకపోలేదు. ఇన్నేళ్ళలో దానితో ఎవరికీ పని పడలేదు, అంతే.

ఆ గదిలో మొదట మామగారు ఉండేవారు. నలుపు తెలుపు ఫొటోలకు సన్నటి కుంచెతో రంగులద్దడం ఆయన విద్య. కొత్తకోడలు గ్లాసు అంచుదాకా టీ పోసి, రెండు గదులు దాటించి, చుక్క ఒలకకుండా తెచ్చి తన బల్ల మీద పెట్టడం ఆయన కొన్నాళ్ళు గమనించారు. ఒకరోజు టీ తాగేసి, ఖాళీ గ్లాసుతో పాటు కుంచె కూడా ఆమె చేతిలో పెట్టారు. చెంపకి ఎంత ఎరుపు, పెదవికి ఎంత, పసిపిల్లల చెవి అంచున ఎంత, అన్నీ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. "మనం వేసేది ఫొటోలో ఉన్నది కాదమ్మా, వాళ్ళు ఇంటికి పట్టుకెళ్దామనుకున్నది" అనేవారు.

ఆయన పోయారు. రంగు ఫొటోలు వచ్చాయి, ఆ తర్వాత కంప్యూటరు వచ్చింది. కుంచె పోయి మౌస్ చేతికొచ్చింది గానీ గది మారలేదు, కుర్చీ మారలేదు, ఆయన మాటా మారలేదు. కళ్ళ కింద నలుపు తీసేది. నవ్వని పెద్దమనిషి పెదవి చివర ఒక్క పిసరు పైకి లేపేది, అది ఇంట్లోవాళ్ళకు కూడా తెలిసేది కాదు. ఒకాయన తన ఫొటో చూసుకుని మురిసిపోయి, నేనింత బావుంటానా అని పెళ్ళాన్ని అడిగితే, "మీరు కాదు, లోపలావిడ" అందిట ఆవిడ. ఈ మాట భర్త వచ్చి చెప్పినప్పుడు ఆమె పైకి విసుక్కుంది గానీ, ఆ పూటంతా మౌస్ చాలా తేలిగ్గా కదిలింది.

ఫొటోలు తీసే గది గురించి ఒక మాట చెప్పాలి. ఆ గది గోడ నిండా ఒక తెర ఉండేది. ఊరు దాటి చివరి వీధి అయిపోయాక ఇసుక మొదలవుతుంది. అది కనుచూపు మేర మెట్టలు మెట్టలుగా పోతుంది. సాయంత్రాలు ఆ ఇసుకలో సూర్యుడు దిగడం చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. మామగారు సినిమా బోర్డులు రాసే ఒకతన్ని పట్టుకుని ఆ దృశ్యాన్నే తెర మీద వేయించారు. తెర మీద సూర్యుడు పళ్ళెమంత ఉంటాడు, నారింజపండు రంగు. చుట్టూ ఆకాశం కుంకుమ ఎరుపు. కింద ఇసుకమెట్టలు బంగారంతో పోతపోసినట్టు ఉంటాయి. ఊళ్ళో పెళ్ళిళ్ళయినవాళ్ళు, ఉద్యోగాలొచ్చినవాళ్ళు, మొదటిసారి నిలబడ్డ పిల్లలు, అందరూ ఆ తెర ముందు నిలబడ్డవాళ్ళే. ఆ సూర్యుడు లేని గోడ ఊళ్ళో లేదనే చెప్పాలి. మనుషుల వీపులు, తలలు రాసుకుని తెర కిందిభాగం వెలిసిపోయింది. పైన సూర్యుడు మాత్రం చెక్కుచెదరలేదు.

మరిది జీపు నడిపేవాడు. చూడ్డానికొచ్చినవాళ్ళను సాయంత్రం ఇసుకలోకి తీసుకెళ్ళి చీకటిపడకముందే తెచ్చి దింపడం అతని పని. అతనికి పెళ్ళయి తోటికోడలు వచ్చింది. ఈమెకన్నా బాగా చిన్నది. ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నాలుగు రోజులకే కూర్చుంటే నాకు కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి అత్తయ్యా అని లేచిపోయింది. మూలపడ్డ ఒక కెమెరా భుజానికి తగిలించుకుని, మొగుడి జీపులో ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. అలా వెళ్ళడం మొదలుపెట్టింది, ఇక మానలేదు.

అది తెచ్చిన ఫొటోలు మొదటిసారి కంప్యూటర్లో విప్పినప్పుడు లోపలావిడకు జాలేసింది. కెమెరా నుంచి నేరుగా వచ్చిన ఫొటోల్ని వాళ్ళింట్లో పచ్చివి అనేవారు. పచ్చి ఫొటో ఏదైనా కళ తప్పే ఉంటుంది, అది ఆమెకు తెలియనిది కాదు. కానీ ఇవి మరీ బూడిదలో పొర్లాడినట్టున్నాయి. పాపం పిల్ల అంత దూరం పోయి తెచ్చిందే అనుకుని, మొహాలకు చేసినట్టే వీటికీ చేసింది. ఎరుపు పెంచింది, పసుపు జరిపింది, ఇసుకకు బంగారం పూసింది. జనం నడిచిన అడుగుల్ని ఒక్కొక్కటే తుడిచేసింది. ఎంతవరకు పెంచాలో ఆమె చేతికి దానంతటదే తెలిసేది, ఇక చాలు అని చెయ్యే ఆగేది. ప్రింట్లు వేసి బల్ల మీద పెట్టారు. పెట్టినవి పెట్టినట్టు పోయాయి. కొనుక్కున్నవాళ్ళను చూసి కొననివాళ్ళు వచ్చారు.

అక్కడే మొదలైంది.

"ఎవరు తీశారండీ ఇవి?" అని అడిగేవాళ్ళు. వాలుకుర్చీలోంచి అత్తగారు గడ్డం ఎత్తి, "మా చిన్నది" అనేది. అంతే, అయిపోయింది. రంగులు ఎవరు వేశారు అని ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. సూర్యుడే వచ్చి వేసిపోయాడనుకుంటారు కాబోలు. మాటలు చిన్న గదిలోకి బాగానే వినబడేవి. ఆమె మౌస్ వదిలేసి వింటూ కూర్చునేది. ఈసారైనా ఆ అడుగుతున్న మనిషి ఇంకో ప్రశ్న వేస్తాడేమో అని.

తర్వాత తర్వాత, చిన్నదానికి సంబంధించింది ఏది చూసినా ఆమెకు కడుపులో మండేది. ఎండకు దాని ముక్కు మీద తోలు లేచిపోతే, అదేదో పతకం తగిలించుకున్నట్టు కనిపించేది. ఇంటికొచ్చాక అది ముందుగదిలో అందరితో కబుర్లు చెప్పి, నేరుగా చిన్న గది గడప దగ్గరికొచ్చి, ఒంటికాలి మీద నిలబడి బూట్లు దులిపేది. ఇసుక కుప్పగా పడేది. లోపలావిడ లేచి చీపురు తెచ్చి తుడిచేది. ఒక్కోరోజు తుడుస్తూ తుడుస్తూ ఆ ఇసుకను రెండు వేళ్ళ మధ్య నలిపి చూసేది, చల్లగా ఉండేది. అన్నిటికన్నా ఒళ్ళు మండించే సంగతి ఇంకోటి. వచ్చిన కాసేపటిదాకా చిన్నదాని కళ్ళు ఇంట్లో ఉండేవి కావు. అడిగిన దానికి జవాబు చెప్తూనే ఉండేది, కానీ చూపు ఎక్కడో వదిలేసి వచ్చినట్టుండేది. ఏం చూసొచ్చిందది? అది అడగడానికి నామోషీ.

తను ఎందుకు వెళ్ళలేదు అంటే, ఆఫీసులు వదిలే వేళకే స్టూడియోలో రద్దీ. పాస్‌పోర్ట్ ఫొటోలన్నీ అప్పుడే. మొదట్లో చిన్నది పిలిచింది కూడా, ఒక్కసారి రా అక్కా అని. "మేమూ షికార్లు పోతే ఇక్కడ మొహాలెవరు కడుగుతారమ్మా" అని ఈమె పుల్లవిరుపుగా అంది. చిన్నది ఇంక పిలవలేదు. పిలవకపోవడం ఇంకా మంట.

ఇలా ఉండగా ఇసుక మొదలయ్యే చోట ఒకాయన హోటలు కట్టాడు. ఈ ఊరివాడు కాదు. గదుల కిటికీలన్నీ ఇసుక వైపే పెట్టించాడు. అతను స్టూడియోకి వచ్చి, తమ భోజనాల గదిలో ఒక గోడంతా నిండేలా సాయంత్రపు ఇసుక ఫొటో కావాలన్నాడు. దాని కింద ఇత్తడి రేకు బిగించి, ఫొటో ఎవరిదో పేరు చెక్కిస్తానన్నాడు. రెండ్రోజుల్లో వస్తాను, ఉన్నవన్నీ చూపించండి అని చెప్పి వెళ్ళాడు.

ఆయన వెళ్ళగానే ఇల్లు పెళ్ళిల్లయింది. మన పిల్ల పేరు గోడెక్కుతుందే అని అత్తగారు రెండుసార్లు అంది. లోపలావిడ ముందుగది గుమ్మంలోకి వచ్చి నిలబడి, చాలా మామూలుగా అడిగింది.

"ఇత్తడి రేకు మీద ఎన్ని పేర్లు పడతాయేం?"

భర్త లెక్కలోంచి తల ఎత్తలేదు. "ఎన్నేంటి, తీసింది ఒక్కతేగా" అన్నాడు.

ఒక్కతే. ఆ మాట పట్టుకుని ఆమె లోపలికి వెళ్ళి కూర్చుంది. ఎవరైనా కొట్టి ఉంటే అంత నొప్పి ఉండేది కాదు. చెడ్డవాడు అన్నాడా, గిట్టనివాడు అన్నాడా, ఏ దురుద్దేశమూ లేని మనిషి అన్నాడు. అంటే అదే నిజమన్నమాట. తన చెయ్యి పడకపోతే ఆ ఫొటోలు చెత్తబుట్టకు కూడా పనికిరావని ఈ ఇంట్లో ఒక్కరికీ తెలీదు. తెలిసే వీలేది? పచ్చివి చూసింది ఎవరు? తనూ, చిన్నదీ. పచ్చి ఫొటో ఇంతవరకు ఆ గది గడప దాటలేదు.

దాటిస్తే?

ఆలోచన వచ్చింది. వచ్చాక మరి పోలేదు. అబద్ధం ఆడక్కర్లేదు, ఎవరి పనీ పాడుచెయ్యక్కర్లేదు. అది తీసినవి తీసినట్టు చూపించడమే. ఒక్కతే కదా, ఆ ఒక్కతే చేసింది చూసుకోండి. హోటలాయన మొహం మాడ్చుకుంటాడు, అత్తగారు నోరు తెరుస్తుంది, అప్పుడు చిన్నదే చెప్తుంది, ఇది కాదండీ, మా అక్క రంగులు వేశాక చూడండి అని. అదీ ఆమెకు కావలసింది. గోడ అక్కర్లేదు, రేకు కూడా అక్కర్లేదు, చిన్నది నోటితో ఆ మాట అంటే చాలు. ఇలా తనకు తాను చెప్పుకుంది గానీ, రేకు మీద రెండో పేరు ఎక్కడ పడుతుందో కూడా చూసుకుంటూనే ఉంది.

ఆయన చెప్పినట్టే వచ్చాడు. బల్ల మీది కంప్యూటర్లో ఆమె తనే ఫొటోలు తెరిచింది. లోపలావిడ బయటికొచ్చిందేంటా అని భర్త ఒకసారి చూశాడు. చిన్నది పక్కనే నిలబడి ఉంది. మొదటి ఫొటో రాగానే దానికి తెలిసిపోయింది. ఒకసారి తోటికోడలి వైపు చూసింది, మళ్ళీ చూపు కంప్యూటరు వైపు తిప్పుకుంది.

ఒకటి తర్వాత ఒకటి వెళ్తున్నాయి. అన్నీ వెలవెలబోతూ, మాసిన పక్కగుడ్డల్లా ఉన్నాయి. భర్త గొంతు సవరించుకున్నాడు. అత్తగారు వాలుకుర్చీలోంచి ముందుకు వంగింది.

"ఇదేంటే, తోమని గిన్నెలా ఉందీ?"

లోపలావిడ, ఇప్పుడంటుంది, ఇప్పుడంటుంది అని చిన్నదాని నోటివంక చూస్తోంది.

హోటలాయన చెయ్యెత్తాడు. ఆపండి అన్నాడు. ఒక ఫొటో దగ్గర చాలాసేపు నిలబడిపోయాడు. అందులో సూర్యుడు కూడా సరిగ్గా లేడు. ఒక మెట్ట అంచు, దాని వెనక మరో అంచు, మధ్యలో నీడ.

"ఇదే" అన్నాడు. "రోజూ సాయంత్రం మా కిటికీల్లో కనిపించేది ఇదే. మా దగ్గర దిగినవాళ్ళు మీ దగ్గర ఫొటోలు కొనుక్కుని, ఇసుకలోకి వెళ్ళొచ్చి, ఇలా ఏ రోజు ఉంటుందండీ అని నన్ను నిలదీస్తున్నారు. నేనేం చెప్పను? ఇన్నాళ్ళూ మీరమ్మింది ఏ ఊరి సూర్యుణ్ణండీ?"

నవ్వుతూనే అన్నాడు. భర్త కూడా మర్యాదకు నవ్వాడు. ఆయన వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, దీన్ని ఎవ్వరూ ముట్టుకోకూడదు, ఉన్నది ఉన్నట్టే కావాలి అని మరీ చెప్పి వెళ్ళాడు.

ఆమె తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. చిన్నదాన్ని నలుగురిలో నిలబెడదామని తెచ్చిన పచ్చి ఫొటో, తిరిగి ఆమెనే నిలబెట్టింది. ముట్టుకోకూడదట. ఎన్నేళ్ళ నుంచి ముట్టుకుంటున్న చెయ్యి ఇది. పక్కపక్కన పెట్టి చూసింది, పచ్చిదీ తనదీ. తనదే బావుంది. ఎన్నిసార్లు చూసినా తనదే బావుంది. ఆ మనిషికి కళ్ళు లేవు అనుకుంది. కానీ ఆయన అన్నమాట మాత్రం చెవిలో జోరీగలా తిరుగుతోంది. ఏ ఊరి సూర్యుడు?

మర్నాడు సాయంత్రం, ముందుగది నిండా జనం ఉండగా, ఆమె కంప్యూటరు ఆపేసి బయటికొచ్చింది. ఇవాళ మొహాలు ఎలా ఉన్నవి అలాగే ఇవ్వండి అని భర్తతో చెప్పి, వీధిలో ఆగి ఉన్న జీపెక్కింది. మరిది బిత్తరపోయాడు. ముందు సీట్లో ఉన్న చిన్నది ఏమీ అడక్కుండా పక్కకి జరిగింది.

దారంతా వెనక కూర్చున్న పైఊరి జనం ఆపకుండా వాగుతున్నారు. జీపు ఆగిన చోటు నుంచి మెట్ట ఎక్కాలి. ఒక అడుగు వేస్తే అర అడుగు కిందికి జారుతోంది. చిన్నది మేకపిల్లలా పోతోంది, ఈమె ఆయాసపడుతూ వెనక. పైకెళ్ళాక చిన్నది మూడుకాళ్ళ స్టాండు దించి కెమెరా బిగించుకుంది. ఈమె ఇసుకలోనే కూలబడి సూర్యుణ్ణి చూడ్డం మొదలుపెట్టింది. ఆయన తెల్లగా, పాలిపోయి, ఆకాశంలో ఇంకా పైనే ఉన్నాడు. కింద మబ్బు కాదు, దుమ్ము కాదు, రెండిటికీ మధ్యదేదో పొరలా పరుచుకుని ఉంది. ఆమె కాసేపు చూసింది, ఇంకాసేపు చూసింది.

"ఇంకా రాలేదేమే?"

"ఏదక్కా?"

"ఎరుపు."

చిన్నది కెమెరా మీంచి తలెత్తలేదు. "రాదక్కా. ఎప్పుడో గాలి కడిగేసిన రోజు కొంచెం వస్తుందంతే. ఇక్కడ ఆయన నేలదాకా దిగడు, ఆ దుమ్ములో పైపైనే మాసిపోతాడు."

అన్నట్టే మాసిపోయాడు. నిమ్మబిళ్ళ నోట్లో కరిగినట్టు, అంచుల నుంచి పలచబడి పలచబడి, లేడు. వచ్చినవాళ్ళు అయ్యో ఇంతేనా అనుకుంటూ జీపు వైపు దిగిపోయారు. ఆమె కూడా లేవబోయింది.

"కూర్చో" అంది చిన్నది. "ఇప్పుడు."

అప్పుడు మొదలైంది. ఇసుక ముందు బూడిదరంగు అయింది. ఆ బూడిదలోంచి పావురం మెడ మీద మెరిసే రంగు ఒకటి, ఉందా లేదా అన్నట్టు పైకి తేలింది. మెట్టల మధ్య గుంటల్లో నీడలు నీలంగా నిండుకున్నాయి, నీళ్ళు ఊరినట్టు. సూర్యుడు పోయిన వైపు కాదు, దానికి ఎదురుగా, వీపు వెనక ఆకాశం పసిబిడ్డ అరిపాదంలా అయింది. ఎదురుగా ఉన్న మెట్ట అంచు కాటుక గీతంత సన్నమైంది. ఏ రంగులో ఏది ఎంత కలిపారో చూడగానే చెప్పగలిగే మనిషి ఆమె. చెప్పలేకపోయింది. ఒకటి ఇదీ అనుకునేలోపల అది ఇంకోటయిపోతోంది. ఆమె తన చెయ్యి చాపి చూసుకుంది. ఆ వెలుతురులో ఆ చెయ్యి తనదిలా లేదు. పక్కకి తిరిగి చూస్తే చిన్నది ముక్కు మీద లేచిన తోలుతో సహా అలా నిలబడి ఉంది. ఆ మొహానికి ఏ టచింగూ అక్కర్లేదు.

ఇదన్నమాట చిన్నది రోజూ చూసేది. తను కిటికీ లేని గదిలో కూర్చుని ఊరివాళ్ళ మొటిమలు తీస్తున్న వేళకి, రోజూ, ఒక్కతే, ఇక్కడ. ఒక్కతే అన్న మాట మళ్ళీ గుచ్చుకుంది, ఈసారి ఇంకో చోట. ఏడుపొచ్చినంత పనైంది. దాన్ని మింగి కోపంగా అడిగింది.

"మరి ఇన్నేళ్ళూ నేను ఆ నారింజకాయ రంగు వేస్తుంటే నోరు మూసుకుని ఎందుకున్నావే?"

చిన్నది కెమెరా విప్పి సంచిలో పెట్టుకుంది. ఇసుకలో కొంచెం ఎడంగా కూర్చుంది.

"అది మామయ్య తెర కదక్కా."

"ఏది?"

"నువ్వు వేసే రంగు. అచ్చం తెర మీద సూర్యుడే. నువ్వు కావాలని వేస్తున్నావనుకున్నాను మొదట. తర్వాత అర్థమైంది, నీకు తెలీదని."

నిజంగానే లోపలావిడకు తెలీదు. ఇక చాలు అని చెయ్యి ఆగిపోయేది ఎక్కడో, ఎందుకో ఇప్పుడు తెలిసింది. చిన్న గదిలోకి వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు, ఏళ్ళ తరబడి ఆ తెర పక్కనుంచే నడిచింది. చూసిన సూర్యాస్తమయం అదొక్కటే.

"ఊళ్ళోవాళ్ళందరి గోడల మీదా అదే ఉంది. అందుకే ఎగబడి కొన్నారు" అంది చిన్నది. దాని గొంతు మారింది. "నేను ఇక్కడి నుంచి ఇదంతా మోసుకొచ్చేదాన్ని. నీ గదిలోకి వెళ్ళి తెరయి బయటికొచ్చేది. చిన్నకోడలు భలే తీస్తుందనేవాళ్ళు. ఏం తీశానక్కా నేను? నేను తీసింది ఒక్కడైనా చూశాడా? చెప్దామంటే, నీది తీసేసి నాది పెడితే ఎవరూ కొనరని భయం. నిన్ను చూస్తే ఎంత కుళ్ళొచ్చేదో తెలుసా నాకు."

"నన్ను చూసా?"

"మరి? గదిలోంచి కదలకుండా కూర్చుని, నా సాయంత్రాలన్నీ నీవి చేసేసుకున్నావు."

లోపలావిడకు దాని బాధ అర్థం కాకపోలేదు. కానీ ఆ బాధ కన్నా ముందు ఇంకోటి అర్థమైంది. తనను చూసి కుళ్ళుకున్న మనిషి ఒకరు లోకంలో ఉన్నారు. ఎప్పుడూ ఎదుటివాళ్ళకే ఉండేదనుకున్న ఆ భాగ్యం తనకూ ఉండింది, తెలియకుండానే ఉండింది. ఆ మాట లోపలికి దిగుతుంటే చలికాలం టీ దిగినట్టుంది. సిగ్గేసింది, అయినా బావుంది.

"ఎంత కుళ్ళేం?" అని అడిగింది.

చిన్నది తల తిప్పి చూసింది. ఆ అడిగిన తీరుకి నవ్వాపుకోలేకపోయింది. "చాలా" అంది. "బూట్లు నీ గడప దగ్గరే ఎందుకు దులిపేదాన్ననుకున్నావ్?"

కింద నుంచి మరిది హారన్ కొడుతున్నాడు, వస్తారా, అక్కడే కాపురం పెడతారా అని.

ఇంటికెళ్ళాక ఆమె ముందుగది దాటి, తెర పక్కనుంచి వెళ్ళి, తన గది గడప దగ్గర ఒంటికాలి మీద నిలబడి చెప్పులూ, చీర కుచ్చెళ్ళూ దులిపింది. కుప్ప పడింది. అత్తగారు నీళ్ళ కోసం లోపలికొచ్చి, ఎవరిదే ఈ ఇసుక అని సణిగింది. "నాదే అత్తయ్యా" అంది. ఆ పూట తుడవలేదు.

గోడంత ప్రింటుకు ఫొటో సిద్ధం చేస్తుంటే ఒక చిక్కొచ్చింది. కెమెరాలో దూరిన దుమ్ము ఆకాశంలో నల్లటి నలకల్లా పడింది. చిన్న ప్రింటులో కనిపించవు, గోడంత చేస్తే కాకులంతవుతాయి. ముట్టుకోకూడదన్నాడు కదా అని లోపలావిడ చేతులు కట్టుకు కూర్చుంది. చిన్నదే వచ్చి బతిమాలింది. అప్పుడు ఒక్కో నలకా తీసింది. తీస్తూ తీస్తూ, ఎరుపు పెంచే గుండీ దగ్గర ఆమె చెయ్యి ఆగింది. ఒక్క పిసరు జరిపింది. వెనక చిన్నది దగ్గింది. మళ్ళీ ఉన్నచోటికి జరిపింది.

ఇత్తడి రేకు మీదికి పేరు కూడా ఆ కంప్యూటర్లోనే రాసి ఇవ్వాలి. ఇద్దరి పేర్లూ రాయక్కా అంది చిన్నది. ఇన్నాళ్ళు చెవులు రిక్కించి ఎదురుచూసిన మాట. కానీ పక్కన తెరిచి ఉన్న ఫొటో చూస్తే, అందులో తన రంగు చుక్క లేదు. "దుమ్ము తుడిచినవాళ్ళ పేర్లు రాసుకుంటూ పోతే రేకు చాలదులే" అంది. చిన్నదాని పేరొక్కటే కొట్టింది. అది బయటికెళ్ళాక కాసేపు ఆ పేరు వంక చూస్తూ కూర్చుంది. కూర్చుని కూర్చుని, అక్షరాల సైజు ఒక మెట్టు తగ్గించింది. కాసేపాగి ఇంకో మెట్టు తగ్గించింది. అప్పుడు పంపించింది.

ఫొటో బిగించాక హోటలాయన ఇంటిల్లిపాదినీ భోజనానికి పిలిచాడు. ఫొటో నిజంగా బావుంది. దానికి ఎదురుగోడకు పెద్ద కిటికీ, కిటికీలో ఇసుక. అటు చూసినా అదే, ఇటు చూసినా అదే. జనం వస్తున్నారు, తింటున్నారు, లేచిపోతున్నారు. లోపలావిడ మెతుకు ముట్టకుండా అందరి మొహాలూ గమనిస్తూ కూర్చుంది. ఎవరు తీశారు అని ఒక్కరూ అడగలేదు. ఫొటో కిటికీలా ఉంది, కిటికీని ఎవరు తీశారని ఎవరడుగుతారు? మొదట ఆమెకు లోపల్లోపల హాయిగా ఉంది. ఇప్పుడు తెలుస్తుంది దానికి, అనుకుంది. చిన్నది కూడా తినడం లేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా వచ్చినవాళ్ళ కళ్ళు ఎటు పోతున్నాయో చూస్తోంది, మళ్ళీ కంచంలోకి చూసుకుంటోంది. ఆ చూపు ఈమెకు తెలుసు. చిన్న గదిలో మౌస్ వదిలేసి, ఇంకో ప్రశ్న కోసం చెవులు రిక్కించిన మనిషి చూపది. అద్దంలో ఎప్పుడూ కనబడలేదు గానీ ఇలాగే ఉండి ఉంటుంది.

పక్క బల్ల దగ్గర ఒక పెద్దావిడ కళ్ళజోడు తుడుచుకుంటూ, నేను అది కూడా కిటికీ అనుకున్నా సుమా అని ఎవరితోనో అంటోంది. లోపలావిడ కుర్చీ జరుపుకుని లేచి ఆవిడ దగ్గరికెళ్ళింది.

"కిటికీ కాదండీ, ఫొటో. మా చిన్నది తీసింది. అదిగో, అక్కడ కూర్చుంది."

పెద్దావిడకు ఆసక్తి కలిగింది. అలాగా అంటూ లేచి గోడ దగ్గరికెళ్ళి, ఇత్తడి రేకు మీదికి వంగి, కళ్ళజోడు పైకీ కిందికీ జరిపి చూసింది.

"పేరేంటమ్మా? చీమల బారులా ఉంది, ఒక్క ముక్క కనబడి చావట్లేదు."

లోపలావిడ మొహంలోకి రక్తం జివ్వున ఎక్కింది, చెంపకి ఎంత ఎరుపో మామగారు నేర్పిన లెక్కకు మించి. మారు మాట్లాడకుండా రేకు దగ్గరికెళ్ళి, గదిలో అందరికీ వినబడేలా, ఒక్కో అక్షరం విడదీసి ఆ పేరు చదివింది. తింటున్నవాళ్ళు కొందరు తలలు తిప్పి ఫొటో వైపు చూశారు. ఒకాయన చిన్నదాన్ని చూసి తలూపాడు. అది సిగ్గుపడి లేచి వచ్చి రేకు ముందు నిలబడింది. వంగి చూసింది, చూస్తూ చూస్తూ తోటికోడలి వైపు తిరిగింది.

"అక్షరాలింత చిన్నగా ఎవరు చేశారక్కా?"

"ఏమో" అంది ఆమె. "లోపలావిడ చేసుంటుంది."